నాకంటే చిన్నవాడైన పెద్దాయన

మా టవర్ లిఫ్టులో మొన్న ఒక అమ్మాయి ఫోన్ మీంచి తల ఎత్తకుండానే "అంకుల్, ఏ ఫ్లోర్?" అంది. చెప్పాను. నొక్కింది. అంతకుమించి ఏమీ జరగలేదు. అయినా పైకి వెళ్లేదాకా నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల భయపడి గోడ వైపు జరిగింది. ఆమె తప్పేమీ లేదు. యాభై దాటినవాడిని, జుట్టు సగం నెరిసింది, అంకుల్ అనక ఏమంటుంది? ఇదే లిఫ్టులో ఇదే మాట పడని మా ఎదురు ఫ్లాట్ పెద్దాయన గుర్తొచ్చాడు, అదీ సంగతి.

ఆయన లిఫ్టు ఎక్కడమే అరుదు. ఆ రోజు చేతుల్లో కొర్రల మూట ఉండబట్టి ఎక్కాడు. ఎవరో కుర్రాడు మర్యాదకు "అంకుల్, నేను పట్టుకోనా?" అన్నాడు. పెద్దాయన మూట కింద పెట్టి కుర్రాడి ముందు చేయి చాచాడు.

"నాడి పట్టుకోని చూడు. చూడప్పా, సిగ్గెందుకు? ఇప్పుడు నీ నాడి చూడు. ఎవరిది నిదానంగా కొట్టుకుంటాంది? ఎవరు ఎవరికి అంకులు?"

కుర్రాడు తన అంతస్తు కాకపోయినా తలుపు తెరుచుకున్న చోట దిగిపోయాడు. పెద్దాయన మూట ఎత్తుకుని నా వైపు తిరిగి, "పాపం, పిల్లోడు లోపల చానా అరిగిపోయినాడు" అన్నాడు జాలిగా.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. రాస్తే వాళ్లావిడ ఊరుకోదు. వాళ్లిద్దరిదీ ప్రొద్దుటూరు వైపు. ఇక్కడ కోకాపేటలో మా ఎదురు ఫ్లాట్. హైటెక్ సిటీలో ఆయనా నేనూ ఒకే కంపెనీ. ఆయన డేటా విభాగంలో పెద్ద తల, నేను టెస్టింగ్ మనిషిని, అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకునేవాడిని. రోజూ ఆయన కారులోనే పోయేవాళ్లం. కారు ఆయనది, పెట్రోలు ఆయనది, మాటలూ ఆయనవే.

మనిషి సన్నగా, చెవులు పెద్దవిగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టుండేవాడు. పొద్దుటి ఎండ ఎముకలకు మంచిదని అందులో చొక్కా విప్పి నిలబడేవాడు. మధ్యాహ్నపు ఎండ చర్మానికి చెడ్డదని ఒక బిల్డింగులోంచి పక్క బిల్డింగులోకి నల్ల గొడుగేసుకుని పోయేవాడు. గొడుగు చూసి సెక్యూరిటీ వాళ్లు వాన పడుతోందేమోనని ఆకాశంలోకి చూసేవారు. ముద్దను నీళ్లయ్యేదాకా నమిలేవాడు, నీళ్లను కూడా నమిలే మింగేవాడు. క్యాంటీన్‌లో ఆయన ఎదురుగా కూర్చుని బిర్యానీ తినాలంటే గుండె ధైర్యం కావాలి. మనం ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడల్లా శవాన్ని చూసినట్టు చూసేవాడు.

మా ఆఫీసులో పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకునే చిన్న మీటింగు ఒకటుంది. నిలబడితే త్వరగా ముగుస్తుందని ఆ ఏర్పాటు. ఆయన అందులో ఒంటికాలి మీద నిలబడేవాడు. ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలిగితే మనిషి అంతకాలం బతుకుతాడని ఎక్కడో చదివాడట. మీటింగు సాగుతున్న కొద్దీ ఆయన సంతోషం పెరిగేది. వీడియోలో అది చూసిన విదేశీ క్లయింట్లు, మీ పెద్దాయన కాలికి ఏమైంది, మేమేమైనా సాయం చేయగలమా అని మా మేనేజరుకు మెయిల్ పెట్టారు. మేనేజరు ఆయన్ని పిలిచి రెండు కాళ్లూ వాడమని బతిమాలుకున్నాడు. అప్పటినుంచి కెమెరా పడని మూలకు వెళ్లి ఒంటికాలి మీద నిలబడేవాడు.

ఇవన్నీ దేనికంటే ముసలితనం రాకుండా ఉండటానికి. ఆయన లెక్కలో ముసలితనం అన్నది విధీ కాదు, ప్రాప్తమూ కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉండే లోపం లాంటిది, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల ఉండిపోయింది. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర కారు ఆగిందంటే పాఠం మొదలయ్యేది.

"జిరాక్సుకు జిరాక్సు తీస్తా పోతే ఏమైతాది? అక్షరాలు మాసిపోతాయి. ఒంట్లో కణాలు అట్లా కాపీలు తీసుకుంటానే ఉంటాయి. ప్రతి కాపీకి చివర్లు కొంచెం కొంచెం కురచైతాయి. కురచై కురచై ఇంక కాపీ తీయలేని కణం ఏం చేయల్ల? మర్యాదగా పోవల్ల. కొన్ని పోవు. పని చేయవు, రాజీనామా ఇయ్యవు, ఆడనే కూర్చోని పక్క కణాలకు మెయిళ్లు పెడతా ఉంటాయి. అవి చదివి పక్కవి కూడా చెడిపోతాయి. మన ఆఫీసులో లేరా అట్లాంటోళ్లు?"

ఉన్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

"మరి దేవుడు గిట్ల ఎందుకు చేసిండన్నా? రిపేర్ చేసుకునే తెలివి కూడ పెట్టొచ్చు గద" అన్నాను.

"రిపేరు తెలివి ఉండాది. బడ్జెట్టు లేదు." స్టీరింగు వదిలేసి రెండు చేతులతో చెప్పేవాడు, కారు ఎలాగూ కదలడం లేదు కాబట్టి. "మన టవర్ కట్టిన బిల్డరునే చూడు. ఫ్లాట్లు అమ్ముడుపోయేదాకా లిఫ్టు తళతళా, పార్కులో నీళ్లు గలగలా. తాళాలు చేతికిచ్చినాక ఫోనెత్తుతాడా? ప్రకృతి కూడా అంతే. పిల్లలు పుట్టి, పెద్దై, చేతికి అందేదాకా గ్యారంటీ. ఆ తర్వాత మెయింటెనెన్సు మన చావు మనం చావల్ల. ప్రకృతికి మన మీద కోపం లేదప్పా, పట్టింపు లేదు."

ఈ బిల్డరు మాట ఒకసారి వాళ్లింట్లో కూడా చెప్పాడు. నేను వాళ్ల బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆయన కాఫీ తాగడు, వాసన చూస్తాడు. వాళ్లావిడ వంకాయలు తరుగుతూ విని, కత్తిపీట ఆపింది.

"మనకు పిల్లలు లేరు గదా. మనం ఎవరికీ తాళాలు ఇయ్యలేదు. మరి మన లిఫ్టు ఎందుకు పాడైతాంది?"

ఎక్కడా మాట తడబడని మనిషి మెల్లగా ముఖం తిప్పుకున్నాడు. కాఫీ వాసన చూడటం కూడా మానేసి బయట కడుతున్న టవర్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడే జాలిపడి వంకాయలకు తిరిగింది. నాకు చాలా బాధేసింది. మాట మార్చాలని, వంకాయలు ఎక్కడివి వదినా అని అడిగాను.

వదినా అనడం మీద కూడా ఒక పెద్ద గొడవ జరిగింది. ఆయనకు మూడు వయసులుండేవి. సర్టిఫికెట్ వయసు ఒకటి. బడిలో చేర్చుకునే రోజు అయ్యవారు పిల్లవాడి చేయి తల మీదుగా తిప్పించి, అవతలి చెవి అందింది గనక తోచిన తేదీ వేసుకున్నాడు. జాతకం వయసు ఇంకొకటి, అది నిజమైనది. మూడోది చేతి గడియారం చెప్పేది. నడక, నాడి, నిద్ర అన్నీ లెక్కగట్టి ఆ గడియారం ఒకనాడు, అయ్యా, మీ ఒంటి వయసు నలభై ఆరు అని ప్రకటించింది. అప్పుడాయన జాతకం ప్రకారం యాభై తొమ్మిది. మర్నాడు కారెక్కగానే నాకు నమస్కారం పెట్టాడు.

"ఇంతకాలం నువ్వు నన్ను అన్నా అని పిలుస్తాంటే ఊరుకున్నా. తప్పు. నీకు యాభై దాటినాయి. ఇప్పటినుంచి నువ్వే అన్న. నన్ను తమ్ముడూ అను."

"జర ఊకోన్రి సార్, నవ్వుతరు ఎవరన్న వింటే."

"నవ్వనీలే అన్నా."

నిజంగానే పిలవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో అందరి ముందూ "అన్నా, ఆ రిపోర్టు పంపినావా?" అనేవాడు. కొత్తగా చేరినవాళ్లు నాకు అరవై అయిదేళ్లనీ, ఏదో మందు వాడుతున్నాననీ అనుకున్నారు. ఒకమ్మాయి ఆ మందేదో అడిగింది కూడా. చివరికి విసుగెత్తి ఒకసారి వాళ్లింట్లో "సరే తమ్ముడూ" అన్నాను. వంటింట్లోంచి వాళ్లావిడ గరిటెతో సహా వచ్చింది.

"ఏమప్పా, ఈయన నీకు తమ్ముడైతే నేను నీకేమైతా? మరదలినా? ఈయన గడియారం మాట విని వరసలు మారుస్తారా? మర్యాదగా వదినా అను, లేకుంటే ఈ ఇంట్లో కాఫీ లేదు."

అలా ఆయన నాకు తమ్ముడు, ఆయన భార్య నాకు వదిన అయ్యారు. ఈ చుట్టరికం తెలుగు దేశంలో ఇంకెక్కడా లేదు.

అదే రోజుల్లో షష్టిపూర్తి విషయం వచ్చింది. ఆయన పుట్టిన విశ్వావసు సంవత్సరం అరవై ఏళ్లు తిరిగి మళ్లీ వచ్చింది. వదినకు ఈ వేడుక మీద ఎంతో ఆశ. పెళ్లి రోజు ఆమెకు చలిజ్వరం. తాళి కట్టింది ఆయనో ఇంకెవరో కూడా సరిగా తెలియదు, ఫొటోలు చూసి నమ్మాను అనేది. ఈసారన్నా కళ్లు తెరుచుకుని తాళి కట్టించుకోవాలన్నది ఆమె కోరిక. బాచుపల్లి నుంచి పురోహితుడిని పిలిపించింది. ఆయన కోనసీమ మనిషి, నెమ్మదస్తుడు. వచ్చి పంచాంగం తెరవగానే మా వాడు అడ్డుపడ్డాడు.

"పంతులుగారూ, అరవై నిండేది క్యాలెండరుకా, శరీరానికా?"

"శరీరానికేనండి. అందుకే అరవయ్యో ఏటి గండాలకు ఉగ్రరథ శాంతి చేయిస్తామండి."

"నా శరీరానికి ఇంకా పద్నాలుగేండ్లు టైముంది. చూడండి." గడియారం చూపించాడు.

పురోహితుడు కళ్లద్దాలు సర్దుకుని గడియారాన్ని శ్రద్ధగా చదివాడు. "బాగుందండి. అయితే పద్నాలుగేళ్లకు వస్తానండి. కాకపోతే నా చేతికి ఇట్లాంటి గడియారం లేదండి, అప్పటికి నేను ఉంటానో లేదో తమరే చూసుకోవాలి."

పంచాంగం మూసి, వదిన ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. వదిన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకు అది తెలిసిందో లేదో కూడా నాకు అనుమానమే. పొద్దు ఉండగానే తిండి ముగించి, చీకటి పడగానే దీపాల వెలుగు నిద్ర చెడగొడుతుందని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పక్క గదిలో ఒంటరిగా పడుకునే మనిషికి ఇంట్లో ఎవరు మాట్లాడటం లేదో ఎలా తెలుస్తుంది? వదిన ఆ ఇంట్లో పదేళ్లుగా ఒక్కతే భోంచేసేది. అవతలి కుర్చీలో ఆయన మొలకల డబ్బా ఉండేది. నాకు ఆయన మీద నవ్వు ఎంత వచ్చేదో, కోపం కూడా అంతే వచ్చేది.

గడియారం మాట పురోహితుడు నమ్మలేదన్న పట్టుదలతో ఆయన రక్తపరీక్షకు దిగాడు. రక్తంలో కణాల మీద పడిన గుర్తులు చూసి అసలు ఒంటి వయసు చెప్పే పరీక్ష అట. దంపతులకు కలిపి చేయించుకుంటే తగ్గింపు ఉంది. తగ్గింపు వదులుకునే కుటుంబాలు మన వైపు ఉండవు కాబట్టి వదిన కూడా చేయి చాచింది.

ఫలితాలు వచ్చిన సాయంత్రం ఆయన మా తలుపు కొట్టాడు. ముఖం చూసి తలుపు బార్లా తీశాను. ఏదో పెద్ద జబ్బు బయటపడిందనుకున్నాను. సోఫాలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగాడు, నమలకుండానే.

"నాకు నలభై నాలుగు వచ్చినాయి" అన్నాడు.

"మంచిదే గదన్నా! మిఠాయి తెస్తరనుకున్న, గిట్ల ఏడుపు మొకం ఏంది?"

"ఆమెకు అరవై ఎనిమిది."

నేను ఓదార్చబోయాను. ఆయన వినలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ చెప్పాడు. అన్నేళ్ల స్నేహంలో ఆ మనిషి గట్టిగా కాకుండా మాట్లాడటం అదే మొదలు.

"నేను ఇదంతా ఎందుకు చేస్తాండాననుకున్నావ్? సోకనుకున్నావా? మాకు ముందూ వెనకా ఎవరూ లేరప్పా. నేను ముందు పోతే ఆమెను ఎవరు చూస్తారు? కరెంటు బిల్లు కట్టేది కూడా ఆమెకు తెలీదు. అందుకని ఆమె పోయిన మర్నాడు నేను పోవల్లని పెట్టుకున్నా. ఒక్క దినం చాలు నాకు ఎక్కువ. ఆ ఒక్క దినం కోసరం ఈ మొలకలన్నీ తిన్నా. ఇప్పుడు చూస్తే ఆమెకు నాకు మధ్య ఇరవై నాలుగేండ్లు వచ్చినాయి. ఆమె పోయినాక ఇరవై నాలుగేండ్లు నేను ఒక్కడినే యాడ కూర్చోవల్ల?"

నేను నవ్వలేకపోయాను. పదేళ్లుగా ఆ ఒంటికాలి మీద నిలబడటాన్ని గురించి ఎంతమందికి చెప్పి నవ్వించానో, వాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

మొదట ఆమె వయసు తగ్గించాలని చూశాడు. వదిన ఒప్పుకోలేదు. మొలకలు ముందు పెడితే పక్కకు నెట్టి పెరుగన్నం కలుపుకుంది. నడకకు రమ్మంటే మోకాళ్లు చూపించింది. ఇంకోసారి రక్తం ఇమ్మంటే సూదంటే భయమని తలుపేసుకుంది. "నాకు అరవై ఎనిమిదే బాగుండాది. బస్సెక్కితే సీటిస్తారు" అంది.

ఇక ఆయనకు దారి ఒక్కటే మిగిలింది. తనే ముసలివాడు కావాలి. అదీ త్వరగా.

ఏ పని చేసినా పద్ధతిగా చేసే మనిషి కదా, ముసలితనాన్ని కూడా అదే నిష్ఠతో పట్టుకున్నాడు. కణాలను ఏవేవి కాపాడతాయని చదివాడో వాటన్నిటినీ తలకిందులు చేశాడు. మెట్లు మానేసి ఒక్క అంతస్తుకు కూడా లిఫ్టెక్కాడు. నల్ల గొడుగును ఆఫీసులో ఎవరికో ఇచ్చేశాడు. ఆఫీసయ్యాక కారును ఇంటి వైపు కాకుండా మూసాపేటకు తిప్పి, ఒక బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకునేవాడు. "నూనె చూడప్పా ఎంత నల్లగుండాదో, ప్రతి బజ్జీకి ఒక వారం గ్యారంటీ" అని సంబరపడేవాడు. పొట్లం తెచ్చి బాల్కనీలో వదిన పక్కన కూర్చుని ఇద్దరూ తినేవారు.

ఒత్తిడి వయసును పెంచుతుందని తెలుసుకున్న రోజు మాత్రం నాకు మరిచిపోలేనిది. అందరికంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కడ దొరుకుతుందని రెండు రోజులు ఆలోచించి, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో చేరాడు. నీళ్ల ట్యాంకర్ల మీద జరిగిన మొదటి మీటింగు నుంచి ఎర్రటి ముఖంతో, బొంగురు గొంతుతో బయటకొచ్చి నా భుజం తట్టాడు.

"ఒక్క మీటింగుకు ఆరు నెలలు కలిసినాయి. ఈ లెక్కన దసరాకంతా ఆమెను పట్టుకుంటా."

నన్ను అన్నా అనడం కూడా రిపోర్టు వచ్చిన రోజు నుంచే మానేశాడు. ఏమప్పా దగ్గరికి తిరిగొచ్చాడు. నేను మళ్లీ చిన్నవాడినయ్యాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

ఇంత చేసినా గడియారం మాత్రం మోసం చేసింది. ఒక రోజు కారులో మణికట్టు నా ముఖం మీదకు తెచ్చి చూపించాడు. ఒంటి వయసు నలభై అయిదు అని ఉంది. అంతకుముందు కంటే ఒకటి తగ్గింది.

"బజ్జీలు తింటాండా. అసోసియేషన్‌లో అరుస్తాండా. తగ్గుతుందేందప్పా ఇది?"

"నిద్ర ఎట్లుందన్నా?" అన్నాను.

"నిద్రకేం, పడుకుంటే తెల్లారేదాకా తెలివి రాదు. ఆమె పొద్దుపోయేదాకా కబుర్లు చెప్తాది, వింటా వింటా నిద్రపోతా."

"ఇగ ఎట్ల పెరుగుతది?"

ఆయన గడియారం విప్పి డ్యాష్‌బోర్డు అరలో పడేశాడు. ఆ తర్వాత దాన్ని పెట్టుకోలేదు.

షష్టిపూర్తి ఆయనే అడిగి చేయించుకున్నాడు. పురోహితుడు పద్నాలుగేళ్లు ఇంత త్వరగా గడిచాయా అండి అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. మా క్లబ్‌హౌస్‌లో, ఇటు జిమ్ములో ట్రెడ్‌మిల్లులు తిరుగుతుండగా, అటు హోమం జరిగింది. కలశాల నీళ్లు నెత్తిన పోస్తుంటే పెద్దాయన చలికి వణుకుతూ "ఇది కూడా పెంచుతాదా పంతులుగారూ?" అని అడిగాడు. "ఆయుష్షును పెంచుతుందండి" అన్నాడాయన. మా వాడి ముఖం వాడిపోయింది. పక్కన తడిసి ముద్దయిన వదిన పగలబడి నవ్వింది. తాళి కట్టేటప్పుడు ఆమె రెప్ప కూడా వేయలేదు. పెద్దాయన చేతుల వంకే చూస్తూ ఉంది. నేను వంగి ఇద్దరి కాళ్లకూ దండం పెట్టాను. ఆయన నా తల మీద అక్షింతలు వేసి "దీర్ఘాయుష్మాన్‌భవ" అని, నా చెవి దగ్గరికి వంగి, "ఎట్లనో అడుగు, అంతా నాకు తెలుసు" అన్నాడు.

ఆ ఎండాకాలమే పోయాడు. పొద్దున్న పేపరు చదువుతూ తలనొప్పి అన్నాడట, మంచినీళ్లు తెచ్చేలోపు ఒరిగిపోయాడట. దవాఖానలో డాక్టరు మాకు అర్థమయ్యేలా చెప్పాడు. మెదడులో ఒక రక్తనాళం ఒకచోట పలచగా ఉందట, పుట్టుకతోనే. పదేళ్లప్పుడు పగలవచ్చు, తొంభై ఏళ్లప్పుడు పగలవచ్చు, అసలు పగలకపోవచ్చు. తిండికీ నడకకీ సంబంధం లేదు. వయసుకీ సంబంధం లేదు. నాకు ఆ డాక్టరు మీద ఎందుకో చెప్పలేనంత కోపం వచ్చింది. వయసుతో అన్నేళ్లు కొట్లాడిన మనిషిని వయసు కాక ఇంకేదో వచ్చి తీసుకుపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

పోయిన నెల ఒక ఆదివారం వదినను చూడటానికి వెళ్లాను. కరెంటు బిల్లు నేను కడతానంటే, ఎప్పుడో కట్టేశానని ఫోన్ చూపించింది. బాల్కనీలో కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలని, "ఆరోగ్యం జర చూసుకోవాలె వదినా. రిపోర్టులో అరవై ఎనిమిది వచ్చినయి గద, ఇప్పుడు డెబ్బై దగ్గర పడ్డయి" అన్నాను.

వదిన నా వైపు వింతగా చూసింది.

"అది నాది కాదప్పా. మీ సారుది."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. రక్తం తీసే పిల్ల వచ్చేటప్పుడే గొట్టాలకు పేర్లు అంటించుకుని వచ్చిందట. ఏ ఇంటికి పోయినా ముందు మొగుళ్లే చేయి చాస్తారు గనక ముందు తీసే గొట్టానికి ఆయన పేరు. ఆ పొద్దున ఆయనేమో రక్తం శాంతపడాలని గదిలో కళ్లు మూసుకుని పడుకున్నాడు. పిల్ల తొందరపడుతుంటే వదిన ముందు కూర్చుంది.

"నా రక్తం ఆయన పేరులోకి పోయేది నేను చూసినా. ఈ పిచ్చికి ఎవరి రక్తమైతే ఏముందిలే అనుకున్నా. కాయితం వచ్చి ఆ మనిషి అట్లా ఏడుస్తాంటే అప్పుడు తెలిసింది."

మొలకలూ ఒంటికాలూ నల్ల గొడుగూ పెట్టుకుని అరవై ఎనిమిది తెచ్చుకున్నది ఆయన. పెరుగన్నం తిని, మధ్యాహ్నం కునుకు తీసి, నలభై నాలుగు దగ్గర నిలబడింది ఆమె. నా వృత్తి తప్పులు పట్టడం. ఎదురింట్లో జరిగిన ఈ తప్పు నా కంట పడలేదు.

"మళ్లా రక్తం ఇయ్యనని తలుపేసుకున్నది గందుకేనా?"

"సూదంటే నాకేం భయం?" అంది. "ఆయన లెక్క నిజమైతే నాకింకా చానా ఏండ్లుండాయి. ఒక్కదాన్నే కూర్చోవల్ల. ఆ భయం ఆయనది, వచ్చి నా మీద పడింది."

"మరి అన్నకు ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివి వదినా?"

వదిన పమిటతో కళ్లు తుడుచుకుంది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పదేండ్లు ఈ ఇంట్లో ఒక్కదాన్నే తిన్నా. నా కోసరం ముసలోడైతానని వచ్చి నా పక్కన కూర్చున్నాడప్పా. లెమ్మని ఎట్ల చెప్పేది?"